గెలుస్తున్న పిల్లలకు

బహ్లా, ఒమాన్.

మన కాలేజీ ఫుట్‌బాల్ జట్టు పిల్లలకు ఆశీస్సులు.

కొత్త సారు వచ్చాక ఈ సీజన్లో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదట కదా! మా అన్న మనవడు ఫోన్లో చెబుతుంటే ప్రాణం లేచొచ్చింది. నలభై ఏళ్ళ కిందట మీరాడే ఆ గ్రౌండులోనే గోల్‌కీపరుగా నిలబడ్డవాణ్ణి నేను.

ఇక్కడి సంగతి ఒకటి చెప్పాలి. 2009 జనవరిలో మస్కట్‌లో గల్ఫ్ కప్ జరిగింది. అంతకుముందు 2004లోనూ, 2007లోనూ ఒమాన్ ఫైనల్ దాకా వెళ్ళి ఓడిపోయింది. ఈసారి కొత్త కోచ్, ఫ్రాన్స్ దేశస్థుడు క్లాడ్ లెరాయ్. ఐదు మ్యాచ్‌ల్లో ఒక్కటీ ఓడలేదు, ఒక్క గోలూ ఇవ్వలేదు. ఫైనల్లో సౌదీ మీద పెనాల్టీల్లో 6-5తో కప్పు గెలిచారు. బహ్లాలో మా గదిలో పన్నెండుమందిమి ఒకే టీవీ ముందు కూర్చున్నాం. అందరూ బంతిని చూస్తుంటే నేను గోల్‌కీపర్ అలీ అల్ హబ్సీ చేతులే చూశాను. ఓడిన ఆ రెండు ఫైనళ్ళలోనూ గోల్లో నిలబడ్డది అతనే. కొత్త కోచ్ వచ్చేనాటికే ఆ చేతులు ఎంత నేర్చుకుని ఉన్నాయో!

మన హైదరాబాద్ కోచ్ రహీం సాబ్ కూడా అంతే, 1950లో సిటీ పోలీస్ జట్టును చేతిలోకి తీసుకున్న ఏడాదే రోవర్స్ కప్ గెలిపించారు. 1954 దాకా వరసగా ఐదుసార్లు. అసలు ఆయన బడిపంతులు. వాటంలేని కాలితోనే బంతి తన్నాలని నియమం పెట్టి కుర్రాళ్ళకు పోటీలు నడిపేవారు. గెలుస్తున్నప్పుడు ఆ రెండోకాలి లోటు ఎవరికీ కనపడదు నాయనా. మీరు ఇప్పుడే చూసుకోండి.

కొత్త సారును నెత్తిన పెట్టుకోండి, తప్పులేదు. నిరుడు మీరు ఓడుతున్నప్పుడు వెంట ఉన్న పాత సారును మాత్రం మరిచిపోకండి. మా రోజుల్లోనూ కొత్త కోచ్ వచ్చాడు, నాలుగు మ్యాచ్‌లు గెలిచాం. పాత మేష్టారు ఎదురొస్తుంటే నేను సైకిల్ పక్కసందులోకి తిప్పేశాను. బంతి వెనక రెండు బొటనవేళ్ళూ దగ్గరచేసి పట్టడం నేర్పింది ఆయనే. తర్వాత గల్ఫ్ వచ్చేశాను. మొదటి సెలవుకు ఊరెళ్ళేసరికి ఆయన లేరు.

వచ్చే మ్యాచ్‌కు ముందు జట్టంతా మీ పాత సారు ఇంటికి వెళ్ళండి. ఆయన్ని గ్రౌండుకు తీసుకొచ్చి, కొత్త సారు పక్కనే కుర్చీ వేయండి.

మీ సీనియరు,
పాత గోల్‌కీపరు