సహాధ్యాయ ధర్మం

భరద్వాజాశ్రమంలో ద్రోణ ద్రుపదులు, సాందీపని గురుకులంలో కృష్ణ కుచేలులు సహాధ్యాయులు. సమానులకే సఖ్యమని ద్రుపదుడు మిత్రుని తిరస్కరించాడు. శ్రీకృష్ణుడు ఎదురేగి పాదాలు కడిగాడు. మొదటిది వైరమైంది, రెండవది భక్తిగాథ అయింది.

రుద్రూర్ ప్రాంతపు పూర్వవిద్యార్థుల ఆత్మీయ సమ్మేళనాలకు ఈ గాథలే దర్పణాలు. సమీపాన, బోధన్‌లోని నిజాం చక్కెర కర్మాగారం 2015లో మూతపడింది. ఒకే బల్లపై చదివినవారిలో ఒకరు ఉన్నతాధికారి, ఒకరు ఉపాధి కోల్పోయిన కార్మికుడు, మరొకరు గల్ఫ్ వలసజీవి కావచ్చు. సమ్మేళనానికి రాని మిత్రుడు తరచుగా స్నేహాన్ని మరచినవాడు కాడు. అటుకుల మూటను దాచుకొంటున్నవాడు. కుచేలుడు సైతం భార్య ప్రోద్బలంతోనే కదిలాడు. కనుక ఆహ్వానం పంపితే చాలదు. కలిగినవాడే లేనివాని వాకిటికి వెళ్లాలి.

వేదాంతంలో దేహమూ ఉపాధియే. ఉపాధిభేదాన్ని గణింపని సఖ్యమే సమదర్శనానికి తొలి సోపానం.