నీళ్ల రంగుల్లోనూ మన వాటా తేలాల్సిందే!

మొన్న శని, ఆదివారాల్లో నగరంలోని ఒక ఆర్ట్ గ్యాలరీలో నీటిరంగుల చిత్రాల ప్రదర్శన పెడితే పోయి చూశాం. ముందే ఒక మాట. బొమ్మలు బాగున్నాయి. నీటిరంగు దొంగాట ఒప్పుకోదు. తైలవర్ణమైతే తప్పు జరిగిన చోట మళ్లీ పూయొచ్చు. ఇక్కడ బ్రష్ ఒకసారి కాగితాన్ని తాకిందంటే అంతే. తెల్లరంగు పూయకుండా కాగితం తెలుపునే వెలుతురుగా వదిలేయడం అసలు పనితనం. చెరువు కట్ట మీద పొద్దుగూకే వేళను గీసిన ఒక చిత్రం ముందు చాలాసేపు నిలబడిపోయాం. తడి ఆరకముందే రంగు మీద రంగు వదిలి ఆకాశాన్ని తెచ్చిన ఆ చేతికి దండం పెట్టాలి.

మా పేచీ గీసిన చేతులతో కాదు, గోడతో.

గోడ మీద ఉన్నదంతా మన ఊరే. నాట్లేసే ఆడవాళ్లు, బతుకమ్మ, తాటిచెట్టెక్కే గౌడన్న, గొర్రెల మంద. కింద అంటించిన చీటీలు మాత్రం ఇంగ్లీషులో. నుదుట నిండు బొట్టు పెట్టుకున్న మన అక్క అక్కడ 'విలేజ్ బ్యూటీ' అయిపోయింది. ఏ ఊరి అక్క? ఏ చెరువు? ఏ గుట్ట? చీటీలో జవాబు లేదు. ధర అడిగితే ఎన్జీవో అన్న రెండు నెలల జీతం చెప్పారు. బొమ్మలో ఉన్నవాళ్లు చదవలేరు, చూసేవాళ్లు కొనలేరు. మరి ఎవరి కోసం ఈ ప్రదర్శన?

అక్కడే ఇంకో సంగతి విన్నాం. నీటిరంగు ఇంగ్లీషోళ్లు తెచ్చిన కళ అని ఒక పెద్దమనిషి పిల్లలకు వివరిస్తున్నాడు. కాగితం మీది ఆ పద్ధతి వరకు అది నిజమే కావచ్చు. కానీ నీటిరంగంటే ఏమిటి? రంగుపొడి, జిగురు, నీళ్లు. ఆ జిగురు కూడా తుమ్మజాతి చెట్టుదే. ఇప్పుడు చెర్యాల పోయి చూడండి. నకాశీ కళాకారుడు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, చెట్టు జిగురు కలిపి పూత పూస్తాడు. రాళ్లు నూరి, గవ్వలు నూరి, దీపపు మసి పట్టి రంగులు తీస్తాడు. జిగురులో, నీళ్లలో కలిపి బొమ్మ కడతాడు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు విప్పే పటం ఇట్లా పుట్టిందే. మడేలు పురాణం పటమూ అంతే, గౌడ పురాణం పటమూ అంతే. కులానికొక కథ, కథకొక పటం, మూరల కొద్దీ బొమ్మలు. ఇది నీటిరంగు కాకపోతే మరేమిటి?

కానీ చెర్యాల పటానికి దక్కేది హస్తకళల దుకాణంలో అర. గ్యాలరీ గోడ దక్కదు. కాగితం మీద గీస్తే కళాకారుడు, గుడ్డ మీద గీస్తే చేతిపనివాడు! భౌగోళిక గుర్తింపు ఇచ్చాం కదా అంటారు. ఆ గుర్తింపు సరుకుకు ఇచ్చేది. మనిషికి గుర్తింపు ఏది?

ఈ లెక్క కొత్తదేమీ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో తెలుగు చిత్రకళ అనగానే రాజమండ్రితో మొదలుపెట్టి బందరుతో ముగించేవారు. 1925లో చిన్న వయసులోనే పోయిన దామెర్ల రామారావు గొప్ప చిత్రకారుడే, ఎవరు కాదన్నారు? రాజమండ్రిలో ఆయన పేరిట చిత్రశాల ఉంది. ఉండాల్సిందే. మనం అడిగిందల్లా, అదే పుస్తకంలో బొంబాయి జె.జె. స్కూల్లో చదివిన కరీంనగర్ బిడ్డ పి.టి. రెడ్డి ఏడి? శాంతినికేతన్ చూసొచ్చిన ఓరుగల్లు బిడ్డ కొండపల్లి శేషగిరిరావు ఏడి? సిద్ధిపేటలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేస్తూ బోనాలను, బతుకమ్మను, పల్లె ఆడవాళ్లను బొమ్మకట్టిన కాపు రాజయ్య ఏడి? శేషగిరిరావు, రాజయ్య ఇద్దరూ 2012లోనే కన్నుమూశారు. 2014 జూన్ 2ను చూడలేదు.

సరే, ఆ పాలకులు పోయారు. రాష్ట్రం వచ్చి పదేళ్లు దాటింది. ఇంకా నెపం పక్కోడి మీద వేస్తే చెల్లుతుందా? గోడ మనది, మేకు మనది, చీటీ మనది. చీటీ మీద తెలుగులో, ఉర్దూలో రెండు ముక్కలు రాయడానికి ఏ ట్రిబ్యునల్ అడ్డం వచ్చింది? నీటిరంగుల పక్కనే చెర్యాల పటాన్ని, గీసినవారి పేరుతో సహా వేలాడదీయడానికి ఏ జీవో కావాలి? భాషా సాంస్కృతిక శాఖ జవాబు చెప్పాలి. జిల్లాలు 33 అయ్యాయి. కలెక్టరేట్లకు కొత్త భవనాలు కట్టగలిగిన సర్కారుకు, అదే జిల్లా చిత్రకారుల బొమ్మలు పెట్టే ఒక్క హాలు కట్టడం బరువా?

ఆ గ్యాలరీలో సర్కారు బడి పిల్లలు మాకు కనపడలేదు. ఎట్లా కనపడతారు? బడిలో రంగు ముట్టించిన వారు ఉంటే కదా! 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలు చదవండి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు వంద మందికి మించి పిల్లలుంటే కళావిద్యకు పార్ట్ టైమ్ బోధకుడు ఉండాలని అందులో రాసి ఉంది. కాపు రాజయ్యకు బువ్వ పెట్టింది అట్లాంటి కొలువే. ఆ కొలువు లేకుంటే ఆ బొమ్మలు ఉండేవా?

విద్యార్థి మిత్రులారా, ఉద్యోగ సంఘాల అన్నలారా! పోస్టుల లెక్కలు తీయడం మీకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఈసారి ఈ లెక్క కూడా తీయండి. మీ మండలంలో వంద మంది దాటిన బళ్లు ఎన్ని? వాటిలో పిల్లల చేత బ్రష్ పట్టించే మాస్టార్లు ఎందరు? ఊరి పేరుతో, బడి పేరుతో రాసి పంపండి. వచ్చింది వచ్చినట్టు ఇక్కడే అచ్చేస్తాం.