చివరి తొమ్మిది కిలోమీటర్లు

మైపాడు పక్కన మా పల్లె నుంచి ఏటా పెరటాసి నెలలో ముప్పై నలభై మంది తిరుమలకి నడిచి వెళ్తారు. నెల్లూరు, గూడూరు, నాయుడుపేట, శ్రీకాళహస్తి, రేణిగుంట, అలిపిరి. మొత్తం 150 కిలోమీటర్ల పైమాటే. పోయినేడు మన కాలేజీ నుంచి ఆరుగురం వాళ్ళతో కలిశాం. ఈ ఏడు ఇంకా చాలామంది వస్తామంటున్నారు. దాంతో వాట్సాప్ గ్రూపులో ఒక ప్రతిపాదన తిరుగుతోంది. మొత్తం నడిచినవాళ్ళకి కాలేజీ తరఫున సర్టిఫికెట్ ఇప్పిద్దాం, రుజువుగా ఫోన్లో జీపీఎస్ ట్రాక్ చూపించాలి, దారిలో ఎక్కడా బండెక్కకూడదు, వీలైతే యాక్టివిటీ పాయింట్లు కూడా అడుగుదాం అని. నేను దీనికి వ్యతిరేకం. కారణాలు గ్రూపులో టైప్ చేస్తే గుడ్ మార్నింగ్ బొమ్మల కింద పడి కనపడకుండా పోతాయి, అందుకే ఇక్కడ రాస్తున్నా.

ప్రపంచంలో ఎక్కడా లేనిది అడుగుతున్నారని కాదు. స్పెయిన్‌లో శాంటియాగో యాత్రకి పోయేవాళ్ళ చేతిలో ఒక చిన్న పుస్తకం ఉంటుంది. దారిలో సత్రాల్లో, చర్చిల్లో రోజుకి కనీసం రెండు ముద్రలు వేయించుకోవాలి. కనీసం 100 కిలోమీటర్లు నడిస్తే, సైకిలైతే 200 తొక్కితే, 'కంపోస్తెలా' అనే పత్రం ఇస్తారు. దానిమీద మన పేరు లాటిన్లో రాస్తారు. ఫ్రాన్స్ సరిహద్దు నుంచి దాదాపు 800 కిలోమీటర్లు నడిచి వచ్చినవాడికీ, 100 దాటగానే సరిపోతుందని సారియా అనే ఊళ్ళో మొదలుపెట్టినవాడికీ అదే పత్రం. అందుకే సారియా నుంచి బయల్దేరేవాళ్ళే చాలా ఎక్కువ. 75 శాతం అటెండెన్స్ అంటే సరిగ్గా 75 దగ్గర ఆగే మనకి ఇదేం కొత్త కాదు.

మన తిరుమలలో అయితే లెక్క ఇంకా చిన్నది. నడిచి వచ్చేవాళ్ళకి దివ్యదర్శనం టోకెన్ ఇస్తారు కదా. కోవిడ్‌కి ఆగిపోయి, 2023 ఏప్రిల్లో మళ్ళీ మొదలైనప్పుడు అలిపిరి దారిలో రోజుకి 10,000, శ్రీవారి మెట్టు దారిలో 5,000 అన్నారు. అలిపిరి దారి 3,550 మెట్లు, సుమారు తొమ్మిది కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు రెండు కిలోమీటర్ల చిల్లర. టోకెన్ తీసుకుని బస్సెక్కి పైకి పోయే తెలివైనవాళ్ళు ఉంటారని దారి మధ్యలో స్కానింగ్ కూడా పెట్టారు. ఆ లెక్కలోకి మెట్లే వస్తాయి. మైపాడు నుంచి ఆరు రోజులు నడిచి వచ్చినా, అలిపిరిలో బస్సు దిగినా ఒకటే.

పోయినేడు నాకు ఇది అన్యాయంగానే అనిపించింది. ఇప్పుడు అనిపించడం లేదు. ఆ టోకెన్ నీ భక్తికి మార్కులు వేయడం లేదు. కొండమీద వేలమంది క్యూ ఉంది, నువ్వు ఫలానా టైముకి రా అంటోంది, అంతే. తన పరిధి తెలిసిన కాగితం అది. మనవాళ్ళు అడిగే సర్టిఫికెట్‌కి ఆ పరిధి లేదు. అది 'పూర్తి చేసెను' అంటుంది. ఏది పూర్తి, ఎవరు చెప్పాలి?

గూడూరు దాటాక జరిగింది చెప్తా. మా గుంపులో మా వీధి అవ్వ ఒకామె ఉంది, చేపల గంప దించి నాలుగేళ్ళయింది. మా జూనియర్ ఒకడూ ఉన్నాడు, ఫోన్లో ఏదో స్టెప్ ఛాలెంజ్ పెట్టుకుని వచ్చాడు. మధ్యాహ్నం ఎండకి తారు మెత్తబడింది. అవ్వకి మోకాలు పట్టేసింది. వెనక సామాన్ల ఆటో వస్తా ఉంటే చెయ్యెత్తి ఎక్కేసింది, బియ్యం మూట మీద కూర్చుంది. ఓ పది కిలోమీటర్ల తర్వాత చెట్టుకింద దిగి మాకోసం చూస్తా ఉంది. జూనియర్‌కి అప్పటికే రెండు మడమల్లో బొబ్బలు పగిలాయి. ఆటో ఎక్కరా అంటే ఎక్కడు. ట్రాక్ తెగిపోతుందంట! నాయుడుపేట చేరేసరికి పాదం వాచి చెప్పులో పట్టలేదు. అక్కడ్నించే వాణ్ణి బస్సెక్కించి ఇంటికి పంపాం. అవ్వ మాత్రం మెట్లన్నీ ఎక్కింది, మోకాళ్ళ పర్వతం దగ్గర పది నిమిషాలు కూర్చుని మళ్ళీ ఎక్కింది.

ఆటో సంగతి ఆమెని ఎగతాళిగా అడిగాను. "ఏందబ్బయా, స్వామి ఏమన్నా కిలోమీటరు రాళ్ళు లెక్కబెడతా కూర్చున్నాడా? కాలు నొచ్చింది, ఎక్కినా. తగ్గింది, దిగినా."

మన ప్రతిపాదన ప్రకారం అవ్వ అనర్హురాలు. శాంటియాగో రూల్లో కూడా ఆ వంద కిలోమీటర్లలో బండెక్కితే అంతే. మరి 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్యని ఏం చేద్దాం? 'కాశీయాత్ర చరిత్ర' రాసిన ఆయన పోయింది పల్లకీలో. రూల్ పెడితే సర్టిఫికెట్ పల్లకీ మోసినవాళ్ళకే పోవాలి. (పోతే నాకు సంతోషమే.)

నా రూమ్మేట్ వాదన ఒకటుంది, అది కొట్టిపారేసేది కాదు. "డబ్బులు కడితే ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ వచ్చే రోజులు. నిజంగా కాళ్ళరిగేలా నడిచి తెచ్చుకునే కాగితం ఒకటన్నా ఉండనీ" అంటాడు. వాడు చెప్పే బాధ నిజం. కానీ ప్రాక్సీ అటెండెన్స్‌లో ఆరితేరిన మనకి ఒకడి జేబులో నాలుగు ఫోన్లు పెట్టి పంపడం ఎంతసేపు? దొంగలకి ఆ కాగితం హాయిగా వస్తుంది. నిజాయితీగా నడిచేవాడే బొబ్బ పగిలినా ఆటో ఎక్కకుండా పాదం పోగొట్టుకుంటాడు. నా భయం ఇదే. ఆగాలనిపించినప్పుడు ఆగే వీలుని ఆ కాగితం తీసేస్తుంది.

రూల్ అసలు వద్దని అనడం లేదు. శబరిమలలో ఉంది చూడండి. తలమీద ఇరుముడి లేకపోతే మామూలు భక్తుల్ని పద్దెనిమిది మెట్లు ఎక్కనివ్వరు. పంబ దాకా కార్లో వచ్చావా, ఎరుమేలి నుంచి అడవిలో నడిచి వచ్చావా అని అడగరు. ఆ ముడి వెనక 41 రోజుల దీక్ష ఉండాలన్నది పద్ధతి, చేశాడో లేదో వాడికే తెలుసు. అర్హత అక్కడ ఇంటి దగ్గరే మొదలవుతుంది. మనం షరతులు పెట్టాలనుకుంటే అలా బయల్దేరకముందే పెడదాం. నెలరోజులు రోజూ తెల్లారి ఐదు కిలోమీటర్లు నడవనివాడు రాకూడదు. కొత్త చెప్పులతో రాకూడదు. ఆటో ఎక్కమని పెద్దవాళ్ళు చెప్తే ఎక్కాలి, ఎదురు మాట్లాడకూడదు.

ఇంకోటి. ఎండకి తట్టుకోలేక మేం రాత్రి రెండు గంటలకే లేచి నడుస్తాం. నెల్లూరు నుంచి నాయుడుపేట దాకా హైవే. కృష్ణపట్నం పోర్టు లారీలు ఆ టైములోనే జోరుగా పోతుంటాయి. పోయినేడు నలభై మందికి రెండే రెండు టార్చిలైట్లు, ముందొకటి, వెనకొకటి. మధ్యలో ఉన్నవాళ్ళు డ్రైవర్లకి ఎలా కనిపించారో ఇప్పటికీ తల్చుకోవాలంటే భయం. సర్టిఫికెట్ల ప్రింటింగ్‌కి తలా యాభై వసూలు చేద్దామన్నారు కదా, ఆ డబ్బుతో మెరిసే స్టిక్కర్లు కొనండి. బ్యాగు వెనకొకటి, చేతికర్రకి ఒకటి. అవ్వకి బ్యాగు లేదు, గోనెసంచి మోస్తుంది. దానిమీద అంటుకునే రకం చూడండి.