మాష్టారి మాట: ఎదుట చెప్పిన మాట

పిల్లలూ,

నేను జనగామలో పాఠాలు చెప్పే రోజుల్లో నా తరగతిలో ఇద్దరు మిత్రులుండేవారు. ఒకే బల్లమీద కూర్చునేవారు, ఒకరి సద్ది ఒకరు పంచుకు తినేవారు. ఒకసారి మొదటివాడి లెక్కల పుస్తకం రెండోవాడు ఇంటికి తీసుకుపోయి, దానిమీద సిరా ఒలకబోశాడు. "ఫరవాలేదులే" అన్నాడు మొదటివాడు. కాని మర్నాటినుంచి వేరే బల్లమీద కూర్చోసాగాడు. ఎందుకో వాడు చెప్పలేదు, వీడు అడగలేదు. ఏడాది చివర రెండోవాడి తండ్రికి భూపాలపల్లి బొగ్గుగనుల్లో పని దొరికి, ఆ కుటుంబం వెళ్ళిపోయింది. ఆరోజు మొదటివాడు నా దగ్గరకు వచ్చి, "సార్, ఒక్కమాట అడిగేస్తే అయిపోయేది కదా!" అని ఏడ్చాడు.

ఆ ఒక్కమాట నోట ఎందుకు రాదు? చెబితే స్నేహం చెడుతుందేమోనని భయం. ఆ భయాన్ని జయించిన ఒక పెద్దమనిషి సంగతి చెబుతాను, వినండి.

జనగామలో రైలెక్కి, కాజీపేట మీదుగా మహబూబాబాద్ దాటి వెళితే డోర్నకల్ వస్తుంది. 1909లో వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు ఆ ఊరు వచ్చారు. ఆయన తమిళుడు, తిరునల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టారు. మన తెలుగు నేర్చుకుని, పల్లెపల్లెకూ తిరిగి పనిచేశారు.

ఆ కాలంలో మన దేశపు చర్చీలలో పెత్తనమంతా చాలావరకు విదేశీ మిషనరీలదే. వారు బళ్ళు పెట్టారు, ఆస్పత్రులు కట్టారు. కాని వారికీ, వారితో పనిచేసే మనవారికీ మధ్య జీతమిచ్చే దొర, జీతం పుచ్చుకునే నౌకరు అన్న ఎడం ఉండేది. మనసు విప్పి మాట్లాడుకోవడం అరుదు.

1910 జూన్ నెలలో స్కాట్లండులోని ఎడింబరో నగరంలో మిషనరీల మహాసభ జరిగింది. సుమారు 1,200 మంది ప్రతినిధులు వచ్చారు. వారిలో ఆసియావాసులు బహు కొద్దిమంది. అజరయ్యగారికి అప్పుడు 35 ఏళ్ళు. మాట్లాడమన్నారు. ఆయన నాలుగు పొగడ్తలు చెప్పి కూర్చోవచ్చు. ఇంటికి వచ్చి చాటున నిందించుకోవచ్చు. ఆ రెండూ చేయలేదు. మిషనరీల త్యాగాలకు కృతజ్ఞత చెప్పారు. ఇరువురి మధ్య చనువు లేదని, దాపరికం ఉందని కూడా నిండుసభలో చెప్పారు. కుర్చీ వేయడం, చేయి కలపడం, తేనీటికి పిలవడం ఉత్త మర్యాదకైతే తనకు అక్కరలేదనీ, స్నేహానికి గుర్తులైతే అవన్నీ కావాలనీ అన్నారు. చివరకు ఆయన అడిగింది డబ్బు కాదు, పదవి కాదు. స్నేహితులను అడిగారు.

సభలో కొందరు నొచ్చుకున్నారు. అయినా ఆయన తన మాటా మార్చుకోలేదు, వారినీ విడిచిపెట్టలేదు. ఆయనను బిషప్పుగా చేయాలని ముందుకు వచ్చినవారు కూడా ఒక ఆంగ్లేయుడే, మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్‌గారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అజరయ్యగారు ఆంగ్లికను సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యారు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు.

చూశారా? ఆయన చెప్పవలసినవారికే చెప్పారు. చెప్పేటప్పుడు వారి మేలు మరవలేదు. విడిపోవడానికి కాదు, దగ్గర కావడానికి చెప్పారు. ఈ మూడూ ఉంటే నిజం చేదుగా ఉన్నా మందులా పనిచేస్తుంది. ఒక్కటి లోపించినా అది చాడీ అవుతుంది, లేదా తిట్టు అవుతుంది.

తల్లిదండ్రులకు కూడా ఒక మనవి. మీ బిడ్డ ధైర్యం చేసి మీ పొరపాటు మీకే చెప్పినప్పుడు, కోప్పడక ముందు పూర్తిగా వినండి. వినేవారుంటేనే కదా చెప్పేవారు ఉండేది!

ఇంతకూ నా శిష్యుడి సంగతి చెప్పలేదు కదూ? వాడిచేత భూపాలపల్లికి ఉత్తరం రాయించాను. పదిరోజులకు జవాబు వచ్చింది. అందులో ఇలా ఉంది: "నువ్వు ఎప్పుడు అడుగుతావా అని నేనూ రోజూ నీ బల్లవైపే చూసేవాణ్ణిరా."