సొరుగులో ఉండిపోయిన వ్యాసం

ఇటీవల రాయదుర్గంలో మా చందాదారుల ఇంటికి వెళ్లినప్పుడు ఆ ఇంటి అమ్మాయి జర్నలిజం ప్రవేశ పరీక్షకు చదువుకుంటూ కనిపించింది. గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో చేరాలని ఆమె కోరిక. చేతిలోని గైడులో గూటెన్‌బర్గ్, హికీ, పులిట్జర్ల పేర్లు, వాటి కింద ‘ఎల్లో జర్నలిజం’, ‘గేట్‌కీపింగ్’ వంటి మాటలు, ఒక్కొక్కదానికి ఒక్క పంక్తి అర్థం. “ఇందులో మనవాళ్లెవరూ లేరా?” అని ఆమె అడిగింది.

లేకేం! ఆమె చేరదలచిన విశ్వవిద్యాలయం పేరే ఒక సంపాదకునిది. ఆజాద్‌ను తొలి విద్యామంత్రిగా ఎరిగినంతగా, 1912లో కలకత్తాలో ‘అల్ హిలాల్’ స్థాపించిన పత్రికాధిపతిగా మనం ఎరుగము. అంతకుముందే ‘ఢిల్లీ ఉర్దూ అఖ్బార్’ నడిపిన మౌల్వీ ముహమ్మద్ బాకర్‌ను 1857 తిరుగుబాటు అణగారిన వెంటనే ఆంగ్లేయులు చంపివేశారు. అంతెందుకు, తెలుగువారు రోజూ పలికే ‘కబురు’ అరబ్బీ ‘ఖబర్’ నుంచి వచ్చినదే. దాని బహువచనమే ‘అఖ్బార్’.

అయితే ఆ అమ్మాయి గైడులోని గేట్‌కీపింగ్ అనే మాట మమ్మల్ని ఇంటిదాకా వెంటాడింది. 1949లో డేవిడ్ మానింగ్ వైట్ అనే అమెరికన్ పరిశోధకుడు ఒక చిన్న పత్రికలో వార్తలను ఎంపిక చేసే ఉపసంపాదకుణ్ణి ఒక కోరిక కోరాడు. వారం రోజులపాటు పక్కన పడేసిన ప్రతి వార్త మీదా, ఎందుకు పడేశారో రాసిపెట్టమన్నాడు. చూస్తే పది వార్తల్లో తొమ్మిది బయటికి రాలేదు. కారణాల్లో చాలామటుకు ఆ మనిషి సొంత ఇష్టాయిష్టాలే. వాకిట నిలబడి ఏది లోపలికి రావాలో, ఏది రాకూడదో తేల్చేవాడే గేట్‌కీపర్.

ఆ వాకిలి తెరిచి ఉంచినందుకే హైదరాబాదులో ఒక యువకుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. షోయబుల్లా ఖాన్ ఉస్మానియాలో చదివాడు. మందుముల నరసింగరావు గారి ‘రయ్యత్’లో పనిచేశాడు. ఆ పత్రికను నిజాం ప్రభుత్వం మూయించాక 1947 నవంబరులో ‘ఇమ్రోజ్’ దినపత్రిక ప్రారంభించాడు. ఇమ్రోజ్ అంటే ‘ఈ రోజు’. రజాకార్ల దౌర్జన్యాలను ఉర్దూలోనే ఖండించాడు. హైదరాబాదు భారత యూనియన్‌లో చేరడమే మేలని కొందరు ముస్లిం ప్రముఖులు చేసిన ప్రకటనను అచ్చువేశాడు. 1948 ఆగస్టు 21 రాత్రి పని ముగించుకొని ఇంటికి వెళుతుండగా కాచిగూడ ప్రాంతంలో దాడిచేసి, రాసే చేతిని నరికారు. తెల్లవారేసరికి కన్నుమూశాడు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు.

ఆయన పేరు నేడు మనకంటే ఇతరులే ఎక్కువగా తలుస్తారు, ఎక్కువసార్లు మనల్ని దెప్పిపొడవడానికే. ఆ ఏడాదే సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. అనంతరం ముస్లింల మీద సాగిన మారణకాండపై సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదికను ప్రభుత్వం దశాబ్దాలపాటు వెలుగు చూడనివ్వలేదు. ఆ వాకిలి మూసింది మనం కాదు, నిజమే. అలాగని షోయబుల్లాను పరాయివాళ్లకు వదిలిపెట్టడం న్యాయమా? ఆయన కలం ఎత్తింది తనవాళ్ల తప్పు మీద. బాకర్‌ను చంపినవారు పరాయి పాలకులు కనుక ఆయనను గౌరవించడం మనకు సులువు. షోయబుల్లా విషయంలో ఆ సులువు లేదు.

ఇక మా సంగతి చెప్పక తప్పదు. రాయదుర్గానికి ఆనుకొని ఉన్న మణికొండలో హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాకు చెందినవని వక్ఫ్ బోర్డు వాదించిన 1,654 ఎకరాల 32 గుంటలు ప్రభుత్వానివేనని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇటువంటి నష్టాల గురించి రాయడానికి మేము ఏనాడూ జంకలేదు. కానీ నిరుడు మా పాఠకుడొకరు వేరొక చోటి చిన్న వక్ఫ్ ఆస్తి మీద వ్యాసం పంపారు. దుకాణాలను బంధువులకే నామమాత్రపు అద్దెకిస్తున్నారని, ఆ సొమ్ము చేరవలసిన వితంతువులకు చేరడం లేదని, రసీదుల నకళ్లతో సహా రాశారు. మేము దాన్ని సొరుగులో పెట్టాము. “ఇప్పుడు కాదు, బయటివాళ్ల చేతికి ఆయుధం దొరుకుతుంది” అని మాలో మేమే అనుకున్నాము. నాలుగు నెలలు గడిచాయి. ఆ నాలుగు నెలల అద్దె కూడా ఆ వితంతువులకు అందలేదు. వైట్ మహాశయుడు మమ్మల్ని కారణం రాయమని ఉంటే ఏమి రాసేవాళ్లమో! జాతి క్షేమమని రాసేవాళ్లం. మొహమాటమనేది నిజం.

బయటివాళ్లు దాన్ని వాడుకోరా అంటే, వాడుకుంటారు. ఆ భయం ఉత్తది కాదు. 2020లో తబ్లీగీ జమాత్ మీద టీవీలు చేసిన ప్రచారాన్ని ఆ ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనమే తప్పుపట్టింది. అయినా అబద్ధం చెప్పేవాడికి మన సొరుగు తాళంతో పనిలేదు. తాళం వేస్తే నష్టపోయేది అద్దె అందని ఆ ఇల్లాలు.

వ్యాసం వచ్చే సంచికలో వస్తుంది. ముతవల్లీ గారిని సమాధానం అడిగాము. వస్తే దాని పక్కనే, అదే సైజు అక్షరాల్లో వేస్తాము.