నాట్లు వేసిన నడుముకు

సార్వా నాట్ల దినములలో సాయంత్రమయ్యేసరికి నడుము పట్టేసి, నొప్పి బిళ్ళ మ్రింగి, తెల్లవారి మళ్ళీ మడిలో దిగేవారు మనలో ఎందరో! మేమూ అలా చేసినవారమే. ఆ బిళ్ళలు దినదినము మ్రింగితే కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు చెడవచ్చు.

రోజంతా ముందుకు వంగిన నడుము వెనుకకు వంగాలని కోరుతుంది. గట్టెక్కినప్పుడల్లా రెండు చేతులు నడుము వెనుక ఆనించి, మెల్లగా వెనుకకు వంగి, రెండు మూడు శ్వాసలు తీసి వదలండి. ఇంటికి వచ్చి నీళ్ళు పోసుకున్నాక చాపమీద బోర్లా పడుకొని, అరచేతులు రొమ్ము ప్రక్కల ఆనించి, తలను, రొమ్మును నెమ్మదిగా లేపండి. బొడ్డు చాపను విడువకూడదు. ఇదే భుజంగాసనం. మాకు అన్నిటికంటె ఇష్టమైనది. స్త్రీల కూడికలో చెప్పినప్పుడు పాము పేరు విని ఒకరిద్దరు ముఖం చిట్లించారు. పేరేదైతేనేమి, బోర్లా పడుకొని రొమ్ము ఎత్తడమే గదా అన్నాము.

తరువాత పిల్లిలా చేతులు, మోకాళ్ళమీద ఉండి, వీపును ఒకసారి గూనులా పైకెత్తి, ఒకసారి క్రిందికి దించండి. పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి.

అన్నం తిన్న వెంటనే వద్దు. గర్భవతులు బోర్లా పడుకొనరాదు. చేస్తుండగా నొప్పి కాలిలోనికి దిగితే ఆపివేయాలి. కాలు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం పట్టు తప్పినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. నాట్లు అయ్యేదాకా ఆగవద్దు.