కూర్చుటయే కాదు, తీసివేయుటయూ విద్యయే

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి. నగర్ వరకు సాగే రహదారిపై కంప్యూటర్ శిక్షణ ప్రకటనలకు కొదువ లేదు. సి భాష నేర్చిన ప్రతి విద్యార్థికీ మాలాక్, ఫ్రీ అనే రెండు మాటలు కంఠస్థమే. మొదటిది మెమరీని అడుగుతుంది. రెండవది తిరిగి అప్పగిస్తుంది. అయితే ఆ మాటల వెనుకనున్న యంత్రాంగాన్ని తెరచి చూచినవారు అరుదు.

దానిని గ్రహించుటకు మన ప్రాంతపు హాస్టళ్లే చాలు. ఇద్దరి గది, ముగ్గురి గది, నలుగురి గది అని ముందే విభజించినట్లు మెమరీని కూడా కొలతల వారీగా విభజిస్తారు. భవనంలో నాలుగు మంచాలు ఖాళీగా ఉన్నా, అవి నాలుగు గదులలో చెదరి ఉంటే, ఒకే గది కోరి వచ్చిన నలుగురు మిత్రులకు చోటు దొరకదు. మెమరీ ముక్కలగుట అనగా ఇదే. తాళపుచెవులన్నీ ఒక్కరి వద్దనే ఉంటే అందరూ వరుసలో నిలువవలెను; కనుక అంతస్తుకొక గుత్తి ఏర్పడుతుంది. ఇట్లు ఏర్పాటుపై ఏర్పాటు చేరి, తుదకు ఏ చెవి ఎక్కడున్నదో చెప్పగలవారు ఒకరిద్దరే మిగులుతారు.

జేసన్ ఎవాన్స్ రచించిన జెమాలాక్ చరిత్ర ఇందుకు నిదర్శనం. 2005లో ఫ్రీబీఎస్‌డీలో చేరిన ఈ కోడు 2008లో ఫైర్‌ఫాక్స్ 3కూ, 2009 నుండి ఫేస్‌బుక్ సంస్థకూ ఉపకరించింది. తన అభివృద్ధి కృషి ముగిసినదని 2025 జూన్‌లో ఎవాన్స్ ప్రకటించారు. 2026లో మెటా సంస్థ దానిని మరల చేపట్టి, ఏళ్లుగా పేరుకున్న చిక్కులను తొలగించి కోడును సంస్కరిస్తామని తెలిపింది. లోకమంతా వాడే వస్తువును నిలబెట్టుటకు కొత్త హంగులతో పాటు సరళీకరణమూ ఆవశ్యకమని దీనివలన స్పష్టమగుచున్నది.

"పనిచేయుచున్న దానిని కదలించనేల?" అని కొందరు ప్రశ్నింపవచ్చును. ఎవరికీ అర్థము కాని కోడు నేడు పనిచేసినా, రేపు లోపము బయటపడిననాడు దానిని సరిదిద్దువారుండరు. అయితే ఈ ప్రశ్నలోనూ కొంత సత్యమున్నది. 2017లో వెలువడిన జెమాలాక్ 5.0లో, వాల్‌గ్రైండ్ అనే పరిశీలన సాధనానికి సంబంధించిన భాగాన్ని తొలగించారు. ఫేస్‌బుక్‌లో దాని వాడుక లేదు. కాని రస్ట్ భాషవారు దానిపై ఆధారపడి ఉండిరి. మనకు అక్కరలేనిది పొరుగువానికి ఆధారమై ఉండవచ్చును. కావున సరళీకరణమనగా కత్తిరించుట మాత్రమే కాదు. ప్రతి పంక్తి ఎవరి కొరకు ఉన్నదో ముందుగా విచారించుట.

ఉద్యోగమున చేరిన మన విద్యార్థికి మొదటిరోజు ఎదురయ్యేది తెల్లకాగితము కాదు, ఇతరులు వ్రాసి విడిచిన కోడు. మన ప్రయోగశాలలో మాత్రం ప్రతి అభ్యాసమూ శూన్యము నుండే మొదలవుతున్నది. కెర్నిగన్, రిచీలు తమ 1978 నాటి సి గ్రంథములో కొద్ది పుటలలోనే ఒక మెమరీ కేటాయింపు ప్రోగ్రామును వివరించారు. దానిని ముందు చదివించి, పిదప కావాలని చిక్కుపరచిన ప్రతిని ఇచ్చి, ఫలితము మారకుండ సరళము చేయించవలెను. తొలగించిన ప్రతి పంక్తికీ కారణము వ్రాయించి, ఆ కారణానికే మార్కులు వేయవలెను.

దీనికి కొత్త యంత్రములు అక్కరలేదు, అదనపు వ్యయము లేదు. ఉర్దూ మాధ్యమమువారూ తెలుగు మాధ్యమమువారూ ఒకే బల్లవద్ద కూర్చుండి చేయదగిన పని ఇది. తాను తీసివేసినది ఎందుకో తోటివానికి అర్థమగునట్లు చెప్పగలిగిననాడే ఆ విద్య పూర్తియైనట్లు. రాబోవు విద్యాసంవత్సరమునందు నెలకొక ప్రయోగ తరగతినైనను ఇందుకు కేటాయించవలసినదిగా కళాశాల కమిటీవారిని కోరుచున్నాను.